పాత జీపు ప్రకటన ఇంట్లో చదివి వినిపించే ముందు

పోస్టు కొంచెం పెద్దది. ఇది స్కాలర్‌షిప్పు గురించో నోటిఫికేషన్ గురించో కాదు, పాత బండ్ల గురించి. బీఎస్సీ చదివేవాడికి పాత జీపులతో పనేంటి అనుకోకండి. మనలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళం. ఇంట్లో ఎవరి ఫోనుకి ఇంగ్లీషులో ఏది వచ్చినా చదివి చెప్పేది మనమే. ఆ చదివి చెప్పడంలోనే నేనొక తప్పు చేశాను. అది రాయాలని చాలా రోజుల నుంచి అనుకుంటున్నాను.

మూడేళ్ళ క్రితం నేను ఇంటర్ రెండో సంవత్సరం. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళాను. మాది పాడేరు దాటి లోపలికి. బస్సు మా ఊరికి రాదు, నాలుగు కిలోమీటర్లు నడిచి రోడ్డెక్కితే సర్వీసు జీపో ఆటోనో దొరకాలి. మా మావయ్య (అమ్మ తమ్ముడు) ఒక జీపు కొని సంతలకీ పాడేరుకీ తిప్పుదామని రెండేళ్ళుగా అనుకుంటున్నాడు. ఆ రోజు ఫోన్లో ఒక ప్రకటన తెచ్చి నా ముందు పెట్టాడు. "ఏటి రాసాడ్రా అల్లుడూ, సదువు" అన్నాడు.

నాకు ఇప్పటికీ గుర్తే. 2014 మోడల్, సింగిల్ ఓనర్. 82,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగింది. ఇంజిన్ ఫుల్ ఓవర్‌హాలింగ్ ఇప్పుడే అయింది. పొగ లేదు. మైలేజ్ 16. గేర్ బాక్స్ షోరూమ్ కండిషన్. కొద్దిగా ఆయిల్ చెమ్మ ఉంది, డీజిల్ ఇంజిన్లకి మామూలే. ఏసీకి గ్యాస్ పట్టిస్తే చాలు. అర్జెంటు అమ్మకం.

నేను చదివి తెలుగులో చెప్పాను. "ఇంజిన్ అంతా కొత్తగా చేయించారట మావయ్యా. పొగ రాదట. బండి బాగుందట." నేను 'అట' అనే అన్నాను. మావయ్య అత్తకి చెప్పేటప్పుడు "బాగుందే, అల్లుడు సూసి సెప్పాడు" అన్నాడు. సాయంత్రానికి ఊళ్ళో "సదువుకున్నోడు సూసాడు, బండి మంచిదే" అయిపోయింది. నేను చూసింది ఫోను. బండిని నేను చూడనే లేదు. కానీ ఆ మాట నేను సరిదిద్దలేదు. నిజం చెప్పాలంటే నాకు బాగానే అనిపించింది, ఇంట్లో నా మాటకి అంత విలువ ఉందని.

2,85,000కి కొన్నారు. కాఫీ, మిరియాల డబ్బు 85,000. అత్త గ్రూపు లోను 60,000. మిగతా 1,40,000 మూడు రూపాయల వడ్డీకి. అంటే నెలకి వడ్డీయే 4,200. బండి చూడడానికి మావయ్య, ఇంకొకాయన వెళ్ళారు. రంగు చూశారు, సీట్లు చూశారు, ఒక కిలోమీటరు సాపు రోడ్డు మీద నడిపారు, టోకెన్ ఇచ్చేశారు.

మూడో నెలలో, సంత రోజు, పదకొండు మంది ఎక్కి ఉండగా ఘాట్‌లో హీటెక్కిపోయి తెల్ల పొగ చిమ్ముతూ ఆగిపోయింది. మెకానిక్ ఇంజిన్ విప్పాక తెలిసింది, అందులో కొత్తది హెడ్ గ్యాస్కెట్ ఒక్కటే. పిస్టన్లు, రింగులు, లైనర్లు అన్నీ పాతవి, అరిగిపోయినవి. రేడియేటర్ సగం పూడుకుపోయి ఉంది. అంటే ఆ బండి ఇంతకుముందే ఒకసారి హీటెక్కి గ్యాస్కెట్ పోగొట్టుకుంది, హెడ్ ఎత్తి గ్యాస్కెట్ మార్చి మూసేశారు, హీట్ ఎందుకొచ్చిందో ఎవరూ చూడలేదు. రిపేరుకి 62,000 అన్నాడు. అంత లేదు. బండి పనసచెట్టు కింద నిలబడిపోయింది, వెనక సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి. వడ్డీ కట్టడానికి మావయ్య విశాఖ వెళ్ళి వాచ్‌మన్‌గా చేరాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు సదివిందే సెప్పావు కదరా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

దీని మీద నా అభిప్రాయం చెప్తాను, కొందరికి నచ్చకపోవచ్చు. మైదానం వాళ్ళు మనల్ని మోసం చేస్తారు, వాళ్ళ దగ్గర కొనొద్దు అని మన గ్రూపుల్లో తరచూ రాస్తుంటారు. మోసం ఉంది, కాదనను. కానీ ఆ బండి అమ్మినవాడు అబద్ధమని తెలిసే రాశాడా, అతనికి అతని మెకానిక్ చెప్పింది రాశాడా నాకు తెలియదు. తెలిసినా మావయ్యకి ఒరిగేది లేదు. అమ్మేవాడు మంచోడా చెడ్డోడా అని చూడడంలోనే మన టైమంతా పోతోంది. చూడాల్సింది ఆ మాటని. ఒక్కో మాటనీ పట్టుకుని, ఇది నిజమైతే నా కంటికి ఏం కనబడాలి, అబద్ధమైతే ఏం కనబడాలి అని అడగాలి. ఆ పని చదువుకున్నవాడిది. ఇంగ్లీషుని తెలుగు చేసి పెట్టడానికైతే ఫోనే చాలు.

మనవాళ్ళకి ఇది చేతకాక కాదు. సంతలో ఎద్దుని కొనేటప్పుడు మా తాత ఏం చేసేవాడో చూశాను. ముందు నోరు తెరిపించి పళ్ళు లెక్కపెడతాడు, రెండు పళ్ళదా, నాలుగా, ఆరా అని. నడిపిస్తాడు, వెనక్కి తిప్పిస్తాడు. మెడ మీద కాడి రాపిడి చూస్తాడు. గిట్టలు ఎత్తి చూస్తాడు. కుదిరితే అరక కట్టి రెండు సాళ్ళు దున్నిస్తాడు. అమ్మేవాడు ఏమీ అనుకోడు, అనుకుంటే ఎద్దులో ఏదో ఉందనే లెక్క. అదే తాత కొడుకు 2,85,000 పెట్టి కొన్న బండికి బోనెట్ ఎత్తించి చూడలేదు. ఎందుకంటే అది ఇంగ్లీషులో రాసి ఉంది, చదువుకున్నోడు చదివాడు.

ఈ మూడేళ్ళలో పాడేరులో ఒక మెకానిక్ అన్న దగ్గర సెలవుల్లో కూర్చుని కొంత నేర్చుకున్నాను. పనిముట్లు పట్టలేదు, అడిగి తెలుసుకున్నవే ఎక్కువ. ఆ ప్రకటననే మళ్ళీ తీసుకుని చెప్తాను.

కిలోమీటర్లు మొదట చూద్దాం, ఎందుకంటే దీనికి మెకానిక్ కూడా అక్కర్లేదు. పాడేరు నుంచి విశాఖ సుమారు 110 కిలోమీటర్లు, రానుపోను 220. 82,000ని 220తో భాగిస్తే 373 ట్రిప్పులు. ఎనిమిదేళ్ళంటే 416 వారాలు. అంటే వారానికి ఒక ట్రిప్పు కూడా తిరగలేదన్నమాట. ఇంటి ముందు పెట్టుకున్న సొంత కారైతే సరే అనుకోవచ్చు. ఆ బండి పసుపు బోర్డుతో కిరాయికి తిరిగింది. ఎనిమిదేళ్ళు కిరాయికి తిప్పినవాడు రోజుకి సగటున 28 కిలోమీటర్లే తిప్పితే ఏం తిని బతికాడు? ఐదో తరగతి లెక్క ఇది. నేను ఎంపీసీ చదువుతూ కూడా వేయలేదు. మీటరు వెనక్కి తిప్పడం కష్టమైన పనేమీ కాదు, కాబట్టి మీటరు అంకెని ఒంటరిగా నమ్మకూడదు. సర్వీసు బిల్లులు అడగాలి, వాటి మీద తేదీ, అప్పటి కిలోమీటర్లు రాసి ఉంటాయి. క్లచ్, బ్రేకు పెడల్ రబ్బర్లు నున్నగా అరిగిపోయి, స్టీరింగు మెరుస్తూ, డ్రైవర్ సీటు కుంగిపోయి ఉంటే 82,000 అనే అంకె వాటితో ఎలా కలుస్తుందో అడగాలి.

'ఇంజిన్ ఫుల్‌గా చేయించాం' అనే మాట వినడానికి మంచి మాటలా ఉంటుంది. నాకైతే ఇప్పుడు అది వింటేనే భయం. బాగున్న ఇంజిన్‌ని ఎవరూ విప్పరు. విప్పారంటే ఒక కారణం ఉంది, ఆయిల్ తాగుతుండాలి, లేదా హీటెక్కి ఉండాలి, లేదా లోపల ఏదో విరిగి ఉండాలి. అందుకే మొదటి ప్రశ్న 'ఎందుకు విప్పారు?' రెండోది 'ఆ కారణం పోయిందా?' హీటెక్కి విప్పితే రేడియేటరు, వాటర్ పంపు, ఫ్యాను కూడా బాగుచేశారా? మూడోది 'బిల్లులేవి?' నిజంగా ఇంజిన్ మొత్తం చేయిస్తే పిస్టన్లు, రింగులు, లైనర్లు, బేరింగులు కొన్న షాపు బిల్లు ఉంటుంది, లేత్ పని బిల్లు ఉంటుంది. చేసిన మెకానిక్ ఉంటాడు, ఫోను చేయొచ్చు. వేలు ఖర్చుపెట్టినవాడు దాన్నే చూపించి రేటు అడుగుతున్నప్పుడు ఆ కాగితాలు పారేశానంటే అనుమానించాల్సిందే. 'ఫుల్ ఓవర్‌హాలింగ్' అనే మాటకి ఒక కొలత లేదు. గ్యాస్కెట్ మార్చినవాడూ అదే అంటాడు, క్రాంక్ దాకా దించినవాడూ అదే అంటాడు. మా ఫిజిక్స్ ల్యాబులో రీడింగ్ రాస్తే సారు దేనితో కొలిచావని అడుగుతారు. ఇక్కడా అంతే. 'కంప్రెషన్ బాగుంది' అంటే గేజ్ పెట్టి చూశారా? అన్ని సిలిండర్లకీ దగ్గర దగ్గరగా వచ్చిందా, ఒకటి తక్కువ వచ్చిందా?

గేజ్ లేకపోయినా మెకానిక్ అన్న చూపించిన పద్ధతి ఒకటుంది. ఇంజిన్ స్లోలో నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, అక్కడే బోర్లా పెట్టాలి. కొద్దిగా ఆవిరి వస్తే ఫర్వాలేదు. మూత ఎగిరెగిరి పడుతూ, పొగ బుస్సుబుస్సుమని కొడుతుంటే దాన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. సిలిండర్లో ఉండాల్సిన గాలి రింగుల పక్క నుంచి కిందికి దిగిపోతోందన్నమాట. ఆ మూత లోపలివైపు పాల టీ రంగులో జిగురు పట్టి ఉంటే ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నాయేమోనని చూడాలి. రేడియేటర్ మూత కూడా తీసి చూడొచ్చు, కానీ ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే, వేడి మీద తీస్తే మొహం కాలిపోతుంది.

'పొగ లేదు' అన్నది సగం మాట. ఎప్పుడు లేదు? వేడి ఇంజిన్లో చాలా జబ్బులు దాక్కుంటాయి. మీరు వెళ్ళేసరికే బండి స్టార్ట్ చేసి సిద్ధంగా ఉంచితే అది మర్యాద కాకపోవచ్చు. వెళ్ళగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే టీ తాగి రండి, లేదా మర్నాడు పొద్దున్నే వస్తామనండి. చల్లటి ఇంజిన్ మన ముందే స్టార్ట్ చేయించాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. యాక్సిలేటర్ గట్టిగా తొక్కినప్పుడు నల్ల పొగ ఆగకుండా వస్తే డీజిల్ ఎక్కువ పడుతోంది లేదా గాలి చాలట్లేదు, ఒక్కోసారి ఫిల్టరు మార్చితే పోతుంది, ఒక్కోసారి నాజిల్స్, పంపు దాకా వెళ్తుంది. తెల్ల పొగ చలి పొద్దున కాసేపు వచ్చి ఆగిపోతే భయపడక్కర్లేదు. వేడెక్కాక కూడా ఆగకపోతే, నీళ్ళు తగ్గుతుంటే, మా మావయ్య బండి జబ్బే.

ఇక్కడ మనవాళ్ళు చేసే ఒక పొరపాటు కూడా చెప్పాలి. గేజు పుల్ల బయటికి లాగి ఆయిల్ నల్లగా ఉంటే ఇంజిన్ పోయిందంటారు. డీజిల్ బండిలో మసి వల్ల ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, అది తప్పు కాదు. అసలు తేనె రంగులో మెరుస్తూ ఉంటేనే అడగాలి, నిన్ననే మార్చారా అని. అమ్మే ముందు చిక్కటి ఆయిల్ పోసి చప్పుడు, పొగ కొన్నాళ్ళు అణచడం కూడా ఉంది.

'కొద్దిగా ఆయిల్ చెమ్మ మామూలే' అన్నది చాలాసార్లు నిజమే. పాత ఇంజిన్‌కి గ్యాస్కెట్ల దగ్గర మట్టి అంటుకుని చెమ్మగా ఉండడం, చుక్కలుగా కారడం రెండూ వేరు. ఇంజిన్ తళతళా కడిగేసి ఉంటే ఏదీ తెలియదు. 20 కిలోమీటర్లు నడిపించి, ఒక అట్టముక్క కింద పరిచి అరగంట ఆగితే అదే చెప్తుంది.

ఏసీ సంగతి మన కొండల్లో ఎవరికి కావాలి. కానీ ఆ మాట అన్నిటికీ పనికొస్తుంది. ఏసీ గ్యాస్ డీజిల్‌లా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతుంది. అయిపోయిందంటే ఎక్కడో కారుతోంది. 'గ్యాస్ పట్టిస్తే చాలు', 'వైరింగ్ చిన్న పని', 'సెన్సార్ ఒక్కటే' అనే ప్రతి 'చాలు'కీ ఒకే ప్రశ్న: అంత చిన్న పనైతే మీరే చేయించి అమ్మితే రేటు ఎక్కువొచ్చేది కదండీ?

మైలేజ్ 16 అన్నాడు. పది మందితో ఘాట్ ఎక్కితే ఎంత ఇస్తుందో ప్రకటనలో ఉండదు. మావయ్యకి 11 ఇచ్చింది. రోజుకి 120 కిలోమీటర్లకి 16 చొప్పున ఏడున్నర లీటర్లు, 11 చొప్పున దాదాపు 11 లీటర్లు. లీటరు ఇంచుమించు వంద అనుకుంటే రోజుకి 340 తేడా, నెలకి 25 రోజులకి 8,500. మావయ్య కట్టే వడ్డీకి రెండింతలు. బండి బాగా నడిచిన ఆ మూడు నెలలూ డబ్బు ఎందుకు మిగల్లేదో అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు.

ఇక ఈ ఏడాది సంగతి. మా పెదనాన్న కొడుకు అన్న బండి కొంటానన్నాడు. అమ్మేవాడు ఈసారి మన మండలం వాడే, మనవాడే. ఇంజిన్ టచ్ కాలేదు, 1,10,000 కిలోమీటర్లు, కొత్త క్లచ్, కొత్త టైర్లు అని పెట్టాడు, 3,40,000. నేనూ మెకానిక్ అన్నా కూడా వెళ్ళాం. అతనికి కూలి 500 ఇచ్చాం, అన్నకి అది దండగనిపించింది. బోనెట్ వేడిగా ఉంది. పొద్దున్నే వస్తామన్నాం. అన్న దారంతా గొణిగాడు, "అంతలా అడిగితే ఏటనుకుంటాడ్రా, మనోడే కదా."

మర్నాడు ఆరున్నరకి చలిలో స్టార్ట్ చేయించాం. రెండో సెల్ఫ్‌కి అందుకుంది. తెల్ల పొగ వచ్చింది, నేను అమ్మో అనుకున్నాను, రెండు నిమిషాల్లో ఆగిపోయింది. మూత పెట్టి చూస్తే కదల్లేదు. టైర్ల పక్కన ఒక గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. రెండు టైర్లకి చివర 23 ఉంది, రెండిటికి 17. కొత్త టైర్లంటే సగం కొత్తవి. తర్వాత హ్యాండ్ బ్రేక్ లాగి, బ్రేకు తొక్కి ఉంచి, ముందు ఎవరూ లేకుండా చూసుకుని, నాలుగో గేర్లో క్లచ్ మెల్లగా వదిలించాడు మెకానిక్ అన్న. మంచి క్లచ్ అయితే ఇంజిన్ టక్కున ఆగిపోవాలి. ఆగలేదు, గుర్రుమంటూ తిరిగింది. ప్లేట్ జారుతోంది. ఘాట్ ఎక్కే బండికి అదే ప్రాణం. సర్వీసు బిల్లు ఒకటి డ్యాష్‌బోర్డులోనే దొరికింది, మూడేళ్ళ క్రితందే 1,46,000 ఉంది. అడిగితే మీటరు పాడైతే మార్చానన్నాడు. అయ్యుండొచ్చు. మేము వాదించలేదు, రెండు లక్షలు దాటిన బండిగా లెక్కవేసి మాట్లాడాం. ఫోన్లో ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూస్తే ఫైనాన్స్ ఇంకా పేరు మీద ఉంది. అది తీర్చి, ఫారం 35 సంతకాలతో తెస్తేనే డబ్బన్నాం, 29, 30 ఫారాలు కూడా అప్పుడే. వారం పట్టింది.

2,95,000కి కొన్నాడు. క్లచ్‌కి 14,000 అయింది. ఇంజిన్ టచ్ కాలేదన్న మాట మాత్రం నిజమే అనిపిస్తోంది, నాలుగు నెలలుగా తిరుగుతోంది. అంటే మనవాడి ప్రకటనలో నాలుగు మాటల్లో ఒకటి నిజం, ఒకటి సగం, రెండు కావు. అయినా కొనదగ్గ బండే. అన్ని మాటలూ నిజమైన పాత బండి దొరకదు, ఏ మాట అబద్ధమైతే ఎంత ఖర్చో ముందే తెలిస్తే చాలు. అడగకపోయి ఉంటే అన్న ఆ 45,000 కూడా ఇచ్చేసేవాడు.

పోయిన వారం మావయ్య విశాఖ నుంచి ఫోను చేశాడు. అప్పు సగం తీరిందట. మళ్ళీ ఒక ప్రకటన పంపాడు, "అల్లుడూ, సదివి సెప్పు" అని. 2016 మోడల్, 95,000 కిలోమీటర్లు, ఇంజిన్ కొత్తగా చేయించారు అని ఉంది. నేను చదివి చెప్పలేదు. ఆరు ప్రశ్నలు తెలుగులో రాసి పంపాను, ఇంజిన్ ఎందుకు విప్పారు అన్నది మొదటిది. మావయ్య ఫోను చేసి అడిగాడట. అమ్మేవాడు కనుక్కుని చెప్తానన్నాడట. ఇంకా చెప్పలేదు.